గోపాలపురం ఒడ్డున పోటూ పాటూ

బరంపురంలో తరతరాలుగా కాపురముంటున్న మా వంటి తెలుగు కుటుంబాలకు వేసవి వచ్చిందంటే గోపాలపురమే గతి. పట్నానికి 16 కిలోమీటర్ల దూరం. పొద్దున్నే బస్సెక్కితే ఇడ్లీల మూట చల్లారక మునుపే సముద్రం కనబడుతుంది. దీపస్తంభమూ, ఇసుకలో మిగిలిన పాత రేవు స్తంభాలూ, జీడిపప్పులమ్మే కుర్రవాళ్ళూ మాకు చిన్ననాటి నుంచి ఎరుకే. ఎన్నిసార్లు వెళ్ళినామో లెక్క లేదు. అయినప్పటికీ ఆ సముద్రాన్ని గురించి మాకు ఓనమాలు కూడా రావన్న సంగతి మొన్నటి వేసవిలో గాని తెలిసిరాలేదు.

మా మేనల్లుడు కాలేజీ సెలవులకు వచ్చినాడు. గాలం వేసి సముద్రపు చేపను పట్టాలని వాడి సరదా. రెండు రోజుల సెలవు కలిసివచ్చింది గనుక మేమూ, మా బావమరిదీ, వాడూ కలిసి బయలుదేరినాము. బజారులో నైలాను దారం, అరడజను గాలాలు, సీసపు గుళ్ళు, ఎరకు పావుకిలో రొయ్యలు కొన్నాము. పలహారాలు ముగించి, ఎండ ముదిరిన తరువాత, పది గంటల వేళకు ఒడ్డు చేరుకున్నాము. అది చైత్ర బహుళ అమావాస్య. ఆ తిథికి చేపలతో ఏమి సంబంధమో మాకు తోచనే లేదు.

ఒడ్డున యంత్రాల పడవలు వరుసగా ఇసుక మీదికి ఎక్కించి ఉన్నాయి. వాటి నీడల్లో కూర్చుని ఆడా మగా వలలు బాగుచేసుకుంటున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు సముద్రంలో యంత్రాల పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టడి. పూర్వం 47 రోజులే ఉండేది. 2015 నుంచి 61 రోజులు చేసినారు. యంత్రం లేని నాటు పడవలకూ, మావంటి గాలపు సరదాగాళ్ళకూ ఆ నిషేధం అడ్డురాదు. కాని ఆ రెండు నెలలూ సముద్రానికి సెలవైతే బెస్తవారి ఇళ్ళలో పొయ్యికి కూడా సగం సెలవేనని అక్కడి ముఖాలను చూస్తే తెలుస్తుంది.

ఒక పడవ నీడన ముసలాయన ఒకడు వల కుడుతున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మేము ఒడియాలో పలకరించినాము. ఆయన తలెత్తి, నవ్వి, తెలుగులో జవాబు చెప్పినాడు. గంజాం తీరం మీది బెస్తపల్లెల్లో చాలాచోట్ల ఇళ్ళలో మాట తెలుగే. ఒడియావారు వారిని నోలియాలంటారు. పూరీలో యాత్రికులను చేయి పట్టుకొని స్నానం చేయించే నోలియాలూ, అక్కడి పెంఠకట పల్లెవారూ చాలామంది ఈ తెలుగువారే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు ఈ గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిది గదా. ఇదంతా మాకు తెలుసు. సభల్లో చెప్పుకుంటూ ఉంటాము కూడాను. అయినా ఒక నోలియా పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడినది మా వంశంలో మేమే మొదలేమో.

మా సరంజామా చూసి ముసలాయన, “ఎక్కడేస్తారు బాబూ గాలం?” అన్నాడు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు చూపినాము. అక్కడ కెరటాలు విరగడం లేదు. నీరు నున్నగా, కాస్త నల్లగా, నిలకడగా కనబడుతున్నది. ఇటూ అటూ మాత్రం తెల్లటి నురుగు. దిగడానికి అంతకంటె మంచి చోటు లేదనిపించింది.

“మొగలోకి దిగకండి. పాటు పట్టినాది,” అన్నాడాయన.

మా బావమరిది నవ్వి, “పాటు పడడం మాకు అలవాటే తాతా,” అన్నాడు. మేమూ నవ్వినాము. ముసలాయన నవ్వలేదు. ఇంకొకసారి, “పాటు నీరు బాబూ, లాగేస్తాది,” అన్నాడు. ఆ రెండవ మాట సగం గాలిలో పోయింది.

మేనల్లుడు మోకాళ్ళ లోతుకు దిగి గాలం విసిరినాడు. దూరం చాలక నడుము లోతుకు వెళ్ళినాడు. అంతలో కాళ్ళకింద ఇసుక జారింది. మేము చూస్తూ ఉండగానే వాడు పది గజాలు లోపలికి పోయినాడు. వాడు ఈత వచ్చినవాడే. ఒడ్డుకేసి బలంగా చేతులు వేస్తున్నాడు. వేసిన కొద్దీ వెనక్కి పోతున్నాడు. మా నోట మాట రాలేదు. వాణ్ణి మా చేతుల్లో పెట్టి పంపిన అక్కయ్య ముఖమే కళ్ళముందు కనబడింది.

వల అవతల పారేసి ముసలాయన నీటి అంచుకు పరుగెత్తి, “ఎదురు ఈదకు! అడ్డం పడు బాబూ, అడ్డం పడు!” అని కేకవేసినాడు. ఆయన మనవడు తాడు కట్టిన ఖాళీ డబ్బా పట్టుకొని ఒడ్డు వెంబడి పరుగెత్తినాడు. దేవుడి దయవల్ల కేక కుర్రవాడి చెవిని పడింది. ఒడ్డుకు రావాలని పెనగడం మాని, ఒడ్డుకు సమంగా ఉత్తరపు వైపుకు ఈదినాడు. కెరటాలు విరుగుతున్న చోటికి రాగానే ఆ కెరటాలే వాణ్ణి ఒడ్డుకు తోసినాయి. చివర డబ్బా అందుకున్నాడు. వంద గజాల అవతల ఇసుకలో కూలబడి ఉప్పునీరు కక్కినాడు. అంతే. కాని ఆ రెండు మూడు నిమిషాలను మేము ఈ జన్మలో మరచిపోము.

ఆ మధ్యాహ్నం పడవ నీడన ముసలాయన మాకు పాఠం చెప్పినాడు. సముద్రం లోపలికి పొంగివచ్చేది పోటు. వెనక్కి తీసేది పాటు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు వెనకపడుతూ పోతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. అష్టమి ప్రాంతాల రెండూ చిన్నవి. ఆనాడు అమావాస్య గనుక పోటు పొద్దున తొమ్మిది ప్రాంతాల నిండి, తరువాత పాటు పట్టింది. ఉప్పుటేటిలో నిండిన నీరంతా మొగ గుండా సముద్రంలోకి తిరిగి పోతూ ఉండగా మేము సరిగ్గా అందులోకే దిగినాము. మేము నిలకడ నీరనుకున్నది లోపలికి పరుగెత్తే నీరు. అక్కడ లోతు ఎక్కువ గనుకనే కెరటం విరగదు. మొగలోనే కాదు, మామూలు ఒడ్డున కూడా రెండు నురుగుల నడుమ నున్నని నల్లటి బాట కనబడితే దాన్ని అనుమానించవలసిందే.

మేము తెలుగు బడిలో ‘ఆటుపోట్లు’ చదువుకున్నవాళ్ళమే. జీవితంలో ఆటుపోట్లంటూ ఉపన్యాసాల్లో వాడుకున్నవాళ్ళమే. ఆయన చెప్పినది అచ్చమైన తెలుగు మాట. మాట మా ఇంట మిగిలింది. నీరు ఆయన దగ్గర ఉండిపోయింది.

వేసవి సంగతులు ఆయన మరికొన్ని చెప్పినాడు. వాటికి మేము చదివి తెలుసుకున్నవి చేర్చి ఇక్కడ వ్రాస్తున్నాము. ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డు పక్క నీటివాలు దక్షిణం నుంచి ఉత్తరానికి. దక్షిణపు గాలి పొద్దున మందంగా ఉండి, మధ్యాహ్నానికి జోరెత్తుతుంది. కనుక తెల్లవారుజామే గాలానికి మంచి వేళ. ఎండ ముదిరితే నీరు 29, 30 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చేప ఒడ్డు వదలి లోతుకు పోతుంది. సాయంకాలం వాయవ్యాన నల్లని మబ్బు లేచి, గాలి ఉన్నట్టుండి ఆగిందంటే అది కాలబైశాఖి. పదిహేను నిమిషాల్లో ఉరుమూ పిడుగూ మీద పడతాయి. ఇసుక మీద ఎత్తైన వస్తువు మనిషే గనుక గాలం చుట్టి పక్కా ఇంట్లోకి చేరాలి. చెట్టు కిందికి పోరాదు.

ఒక్కొక్కనాడు గాలి లేకుండానే పొడుగాటి కెరటాలు వస్తాయి. “గాలి నేని కెరటం దూరం నుంచి వస్తాది బాబూ, దాన్ని నమ్మకూడదు,” అన్నాడు తాత. నిజమే. దక్షిణ మహాసముద్రంలో వేల కిలోమీటర్ల దూరాన రేగిన గాలివాన కెరటాలు రోజుల తరబడి ప్రయాణంచేసి మన ఒడ్డుకు తగులుతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఇటువంటి కెరటాల హెచ్చరికలు ఇస్తూ ఉంటుంది. అవి చూడకుండా బయలుదేరవద్దు. మే నెల తుపానుల నెల కూడాను. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటిన సంగతి మనకు కొత్త కాదు.

ఆ రాత్రి అక్కడే గది తీసికొని, మరునాడు తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాము. మేనల్లుడు రానంటాడేమోననుకున్నాము. వాడే ముందు లేచినాడు. తాత మమ్మల్ని మొగకు దూరంగా నిలబెట్టినాడు. అప్పటికి పోటు నీరు ఎక్కుతూ ఉన్నది. ఒడ్డుకూ, లోపలి ఇసుక తిప్పకూ నడుమ కాలువవంటి లోతు ఉంటుంది. మొదటి కెరటం విరిగే తిప్పకు ఇవతల, నీరు రంగు మారే చోట గాలం పడాలి. అందుకు నడుము లోతుకు దిగనక్కరలేదు. తడి ఇసుక మీద నిలబడి విసిరితే చాలు. సీసం యాభై, అరవై గ్రాములు ఉంటే వాలుకు కొట్టుకుపోదు. రొయ్య తల తీసి, తోక నుంచి గాలాన్ని లోపలికి దూర్చాలి. దారాన్ని చేతికి ఎన్నడూ చుట్టుకోరాదు. పెద్ద చేప పడితే వేళ్ళు తెగుతాయి. సావడాయి, వంజరం వంటి పళ్ళ చేపలు తిరిగే చోట గాలానికి పైన జానెడు ఇనుప తీగ ఉండాలి. లేకపోతే దారం కొరుక్కుపోతాయి.

ఎనిమిది గంటలలోపల రెండు గొరకలు, ఒక జెల్ల, ఒక చిన్న మాగ పడ్డాయి. గొరకను గాలం నుంచి విప్పుతుంటే గుర్రుగుర్రుమని అరిచింది. మేనల్లుడు ముందు రోజు భయమంతా మరచి పకపక నవ్వినాడు. జెల్లను తాత వాడి చేతికి ఇవ్వలేదు. దాని వీపు ముల్లూ, రెండు పక్క ముళ్ళూ విషపు ముళ్ళు. గుడ్డతో పట్టి విప్పినాడు. ఇసుకలో అణగి ఉండే టేకు చేప తోక ముల్లు ఇంకా ప్రమాదం. అందుచేత నీటిలో అడుగులు ఎత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడవాలి. అలికిడికి అది తొలగిపోతుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో కాలు ఉంచి, ఆ వెంటనే వైద్యుని దగ్గరకు పోవాలి. జానెడైనా లేని మాగను తాత నీళ్ళలోకి విడిచిపెట్టినాడు. “పడవలు కట్టేసుకున్నది దీని కోసమే గదా బాబూ,” అన్నాడు.

పట్టిన చేపను ఎండలో ఉంచకూడదు. మేము తడి గోనె కింద దాచి, ఐసు కొని తెచ్చినాము. ముఖ్యంగా కానాగంతల వంటి చేపలు ఎండకు నిలవైతే వాటిలో ఒక విషపదార్థం పుడుతుంది. ముఖం ఎర్రబడి, దురదలూ తలనొప్పీ వస్తాయి. ఎంత ఉడికించినా అది పోదు. ఇంటి ఆడవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి. ఉత్తరాన రుషికుల్య మొగ దగ్గరకు గాలం పట్టుకొని పోవద్దు. అక్కడ సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడి సముద్రంలో 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. గుడ్లు పెట్టిన ఆరేడు వారాలకు పిల్లలు రాత్రివేళ బయటికి వచ్చి, వెలుగున్న వైపుకు నడుస్తాయి. అవి వెళ్ళవలసింది సముద్రానికి. మనం టార్చి వేస్తే మన వైపుకు వస్తాయి.

బయలుదేరే ముందు తాతకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వలకు దారం కొని ఇస్తే తీసుకున్నాడు. మనవడికి ఈ పత్రిక పంపుతామన్నాము. ఆ కుర్రవాడు సిగ్గుపడి, తనకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదనీ, బడిలో చదివేది ఒడియా అనీ చెప్పినాడు. మేము ఆ వచ్చే ఆదివారం నుంచి వెళ్ళి వాడికి అక్షరాలు దిద్దిస్తున్నాము. దానికి బదులుగా వాడూ, తాతా మాకు గాలుల పేర్లూ, నీటి పేర్లూ చెబుతున్నారు. ఒక నోటుపుస్తకంలో వ్రాసికొంటున్నాము. పూరీలోనో, యానాంలోనో, మరే తీరంలోనో ఉన్న మన పాఠకులు తమ ఊరి బెస్తపల్లెకు వెళ్ళి, అటువంటి మాటలు నాలుగు సేకరించి ఈ పత్రికకు వ్రాస్తే సంతోషిస్తాము. వెళ్ళినవారు గాలం వేయదలిస్తే, ముందు ఒడ్డునున్న పెద్దవారిని అడగండి: “తాతా, పోటా, పాటా?”