మసి అంటిన చేతులు



అరవై దాటిన భార్యాభర్తలు కార్ల ప్రదర్శన చూడడానికి వెళ్ళారంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. మాకూ మొదట నవ్వే వచ్చింది. అయితే 2024 మార్చి 2వ తేదీ శనివారం అమెరికాలోని డెట్రాయిట్ పట్టణంలో మేము గడిపిన ఆరు గంటలు, మా కుటుంబంలో ముప్పయి ఏళ్ళుగా బిగుసుకుపోయిన ఒక ముడిని విప్పాయి. అందుకే ఈ నాలుగు మాటలు మీతో పంచుకోవాలని అనుకున్నాము.

ముందుగా మా సంగతి కొంత చెప్పాలి. మా వారు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ముప్పయ్యెనిమిది సంవత్సరాలు లారీ మెకానిక్‌గా పనిచేశారు. ఒక రేకుల షెడ్డు, ఇద్దరు కుర్రవాళ్ళు, ఒక చెయిన్ పుల్లీ, అదే మా ఆస్తి. రాత్రి ఇంటికి వచ్చాక ముందు కిరసనాయిలుతో, ఆ తర్వాత బట్టల సబ్బుతో చేతులు కడుక్కునేవారు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లోని మసి పోయేది కాదు. పెళ్ళి భోజనాలకు వెళ్ళినప్పుడు పంక్తిలో చివరన కూర్చునేవారు. ఎందుకని మేము ఎప్పుడూ అడుగలేదు.

మా పెద్దవాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం బడి నుండి తిన్నగా షెడ్డుకు వెళ్ళి, లారీ కింద దూరి పానా పట్టుకున్నాడు. మా వారు వాడిని బయటికి లాగి కొట్టారు. జీవితంలో వాడిని కొట్టింది ఆ ఒక్కసారే. "ఈ మసి నాతోనే ఆగిపోవాలి" అన్నారు ఆ రాత్రి. తర్వాత వాడు షెడ్డు వైపు వెళ్ళలేదు. బాగా చదివాడు, ఇంజనీరింగు పూర్తిచేశాడు, మిషిగన్ రాష్ట్రంలో ఒక కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం సంపాదించాడు. తండ్రికి ప్రతి నెలా ఫోను చేసేవాడు. ఆరోగ్యం, వాతావరణం, మనవడి చదువు, అంతటితో మాటలు అయిపోయేవి. ఒకరిమీద ఒకరికి ప్రేమ లేక కాదు. మధ్యలో ఏదో అడ్డం ఉండేది.

2024 ఫిబ్రవరిలో మేము మొదటిసారి వాళ్ళ ఇంటికి వెళ్ళాము. మరునాడు ఉదయం మంచు చూద్దామని మా వారు గ్యారేజి తలుపు తీశారు. లోపల 1950 నాటి ఫోర్డు కారు ఒకటి, చక్రాలు విప్పి, బానెట్ లేకుండా నిలబడి ఉంది. పక్కన బల్ల మీద వరుసగా పానాలు, సుత్తులు, గ్రీజు డబ్బా. మావాడు శని, ఆదివారాల్లో దానిని తన చేతులతో బాగుచేసుకుంటున్నాడు.

ఈ సంగతి మా ఇద్దరిలో ఒకరికి రెండేళ్ళుగా తెలుసు. ఫోనులో కారు చూపించి, "అమ్మా, నాన్నకు చెప్పకు" అన్నాడు. తల్లి మనసు కదా, దాచిపెట్టింది. ఇళ్ళలో ఇలా దాచే మాటలు ఎన్ని ఉంటాయో మీకు తెలియనివి కావు.

"నిన్ను చదివించింది దీనికోసమా?" అని ఒక్క మాట అన్నారు మా వారు. తొమ్మిది రోజులు కొడుకుతో మాట్లాడలేదు. దాచినందుకు ఇంకొకరి మీద కూడా కోపమే. కోడలు పాపం ఇద్దరికీ వేరువేరుగా అన్నం వడ్డించింది. చివరకు మా ఏడేళ్ళ మనవడు, "తాతయ్య వస్తేనే నేను కార్ల షోకు వెళ్తాను" అని మొండికేయడంతో మేమందరం ఒకే కారులో బయలుదేరవలసి వచ్చింది.

ఆ ప్రదర్శన పేరు డెట్రాయిట్ ఆటోరామా. నది ఒడ్డున ఉన్న హంటింగ్టన్ ప్లేస్ అనే పెద్ద భవనంలో జరుగుతుంది. ఇదివరకు దానిని కోబో హాల్ అనేవారు. ఆవలి ఒడ్డు కెనడా. అమెరికాకు ఉత్తరాన ఉండే కెనడా అక్కడ మాత్రం దక్షిణాన కనబడుతుందని మనవడు మాకు పాఠం చెప్పాడు. చలికాలంలో అక్కడి రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది కనుక పాత కార్లను ఎవరూ బయటికి తీయరు. శీతకాలమంతా గ్యారేజీలో చేసిన పనిని ఇలా పైకప్పు కింద తెచ్చి చూపించుకుంటారు.

లోపల వందల కార్లు ఉన్నాయి. ఒక్కటి కూడా కంపెనీ నుండి వచ్చినట్టు లేదు. ఒకదాని పైకప్పును అడ్డంగా కోసి, నాలుగంగుళాలు తగ్గించి మళ్ళీ అతికారు. ఇంకొకదాని తలుపులకు పిడులే లేవు. రంగులో మన ముఖం చూసుకోవచ్చు. కొన్ని కార్ల కింద అద్దాలు పరిచారు. ఎందుకని మేము అడిగితే, అడుగుభాగంలో చేసిన పని కూడా చూడడానికని మావాడు చెప్పాడు. రోడ్డు మీద ఎవరికీ కనబడని చోటును కూడా పై భాగమంత శ్రద్ధగా నునుపు చేసి రంగు వేశారు. మా వారు ఆ అద్దాల దగ్గర చాలాసేపు వంగి నిలబడ్డారు.

ఇదే డెట్రాయిట్ ప్రాంతంలో, హైలాండ్ పార్క్ కర్మాగారంలో, 1913లో హెన్రీ ఫోర్డు కదిలే వరుస పద్ధతిని మొదలుపెట్టాడు. అంతకుముందు పన్నెండు గంటలకు పైగా పట్టే చాసిస్ కూర్పు మరుసటి ఏడాదికి సుమారు గంటన్నరకు తగ్గిపోయింది. అన్నీ ఒకే రకం కార్లు. ఆ ఊరిలోనే ఇప్పుడు ఏ రెండు కార్లూ ఒకేలా ఉండని ప్రదర్శన జరగడం మాకు వింతగా తోచింది.

పందెపు కార్లు ఒక వరుసలో ఉన్నాయి. వాటి వెనుక కథను మావాడు మనవడికి చెబుతుంటే మేమూ విన్నాము. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యులు కొనగలిగే ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉన్న కారును తెచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో కాలిఫోర్నియా యౌవనస్థులు ఇలాంటి పాత కార్లను తక్కువ ధరకు కొని, మడ్‌గార్డులు, బానెట్లు తీసేసి, బరువు తగ్గించి, ఎండిపోయిన చెరువుల్లో పందేలు వేసుకునేవారు. రెండవ ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన కుర్రవాళ్ళతో ఈ సరదా మరీ పెరిగింది. అయితే చెరువుల దగ్గరకు వెళ్ళలేనివారు ఊళ్ళో రోడ్ల మీదే పందేలు మొదలుపెట్టారు. ప్రాణాలు పోయాయి. తలిదండ్రులు, పోలీసులు ఈ కార్లంటేనే మండిపడ్డారు.

అప్పుడు కొందరు పెద్దలు ఒక మంచి ఆలోచన చేశారు. వద్దని తిట్టి ఊరుకోకుండా, ఆ కుర్రవాళ్ళకు ఒక చోటు చూపించాలనుకున్నారు. 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన ఒక జాతీయ సంఘం స్థాపించి, పావు మైలు, అంటే సుమారు 402 మీటర్ల తిన్నని దారిలో, నియమాలతో, తనిఖీలతో పందేలు జరిగేటట్టు చేశాడు. డెట్రాయిట్‌లో కూడా కుర్రవాళ్ళ సంఘం ఒకటి అలాంటి దారి నిర్మించుకోవడానికి డబ్బు కూడబెట్టాలనే 1953లో ఈ ఆటోరామాను మొదలుపెట్టింది. మన పట్టణాల్లో రాత్రివేళ మోటారు సైకిళ్ళతో పందేలు వేసే బిడ్డలు మాకు జ్ఞాపకం వచ్చారు. వాళ్ళను తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. చోటు చూపించేవాళ్ళు ఎంతమంది?

ఇక్కడ ఇచ్చే పెద్ద బహుమానం పేరు రిడ్లర్ అవార్డు. ప్రదర్శనకు మొదటి రోజుల్లో ప్రచారం చేసిపెట్టిన డాన్ రిడ్లర్ పేరు మీద 1964 నుండి ఇస్తున్నారు. దానికి నిలబడే కారు అంతకుముందు మరే ప్రదర్శనలోనూ కనబడి ఉండకూడదు. ఏళ్ళ తరబడి చాటున చేసిన పని ఒక్కసారిగా బయటపడాలన్నమాట. మొదటి బహుమానం పొందిన కారు పందెపు కారే. దానిని తయారుచేసిన అల్ బెర్గ్లర్ దానికి పెట్టుకున్న పేరుకు, మన మాటల్లో, "ఇంకా ఎక్కువ చికాకు" అని అర్థం. ఆ మాట వినగానే మా వారి ముఖంలో తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి నవ్వు కనబడింది. "పేరు బాగానే పెట్టాడు" అన్నారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇప్పుడు ఆ బహుమానం కోసం లక్షల డాలర్లు గుమ్మరించేవారు ఉన్నారు. అంత సొమ్ము ఒక కారు మీద పెట్టడం మాకు సబబుగా తోచలేదు. మావాడితో ఆ మాటే అన్నాము. "అందుకే మనం కిందికి వెళ్దాం అమ్మా" అన్నాడు.

కింది అంతస్తులో మెరుపులు లేవు. తుప్పు రంగులోనే ఉంచేసిన కార్లు, చేతికి దొరికిన ఇనుప ముక్కలతో చేసిన కార్లు ఉన్నాయి. ఒకచోట ముందు భాగం ఎత్తుగా లేచి ఉన్న 1941 నాటి విల్లీస్ పందెపు కారు పక్కన, మడత కుర్చీలో ఒక ముసలాయన కూర్చున్నాడు. యౌవనంలో ఆయన నడిపిన కారే అట. చాలా ఏళ్ళు పశువుల కొట్టంలో పడి ఉంటే కూతురూ తానూ కలిసి బాగుచేసుకున్నారట.

మా వారు వంగి ఇంజను చూశారు. చూసి, పొగ గొట్టం మీద ఒక అతుకును వేలితో చూపించి, "ఇది కరెంటు వెల్డింగు కాదు, గ్యాసుతో చేతిపని" అన్నారు. మావాడు ఇంగ్లీషులో చెప్పాడు. ముసలాయన కుర్చీలోనుండి లేచాడు. పొద్దుటినుండి వందలమంది చూశారనీ, అది కనిపెట్టింది ఈయన ఒక్కడేననీ అన్నాడు. మా వారి చెయ్యి పట్టుకుని, తిప్పి, అరచేతిని, గోళ్ళను చూశాడు. తన చెయ్యి పక్కన పెట్టాడు. రెండు చేతులూ ఒకటే.

అక్కడే ముప్పావుగంట నిలబడ్డాము. మా వారు చెబుతుంటే మావాడు ఇంగ్లీషులోకి మార్చాడు. లారీ చాసిస్ కంపెనీ నుండి క్యాబిన్ లేకుండా ఎలా వచ్చేదో, డ్రైవరు చలిలో వానలో దానిమీద కూర్చుని ఆటోనగర్‌దాకా ఎలా తోలుకొచ్చేవాడో, వడ్రంగులు, టింకర్లు, పెయింటర్లు కలిసి దానికి శరీరం ఎలా కట్టేవారో చెప్పారు. దొరకని విడిభాగాన్ని లేతు మీద చేయించి బండిని రోడ్డెక్కించిన సంగతులు చెప్పారు. మధ్యలో మావాడి గొంతు ఆగిపోయింది. ఈ మాటలు వాడు పుట్టి ఎప్పుడూ వినలేదు. తండ్రి తన పని గురించి వాడితో ఎన్నడూ మాట్లాడలేదు మరి.

మధ్యాహ్నం ఒక బల్ల దగ్గర కూర్చుని తింటుండగా మావాడు అడిగాడు: "నాన్నా, ఆ రోజు నన్ను ఎందుకు కొట్టారు? మీ పని అంటే మీకే సిగ్గు అనుకున్నాను ఇన్నాళ్ళూ."

మా వారు చాలాసేపు పళ్ళెం వైపు చూశారు. "ఆ రోజు ప్రొద్దున పక్క షెడ్డులో జాకీ జారింది. పద్నాలుగేళ్ళ కుర్రవాడు. చెయ్యి నలిగిపోయింది. నేనే ఆసుపత్రికి మోసుకెళ్ళాను. సాయంత్రం వచ్చి చూస్తే నువ్వు లారీ కింద ఉన్నావు. సిగ్గు కాదురా, భయం" అన్నారు.

ఆ కుర్రవాడి సంగతి మాకు కూడా అప్పుడే తెలిసింది. ముప్పయి ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా. చొక్కా మీది మరకను ఆ రాత్రి గ్రీజు అనుకుని ఉతికిన జ్ఞాపకం ఉంది.

మావాడు మాట్లాడలేదు. తండ్రి పళ్ళెంలో ఇంకొక రొట్టెముక్క పెట్టాడు. మనవడు మాత్రం, "తాతయ్యా, ఆ అబ్బాయి ఏమయ్యాడు?" అని అడిగాడు. "బ్రతికాడు నాన్నా. రెండు వేళ్ళు పోయాయి. తర్వాత టీకొట్టు పెట్టుకున్నాడు. రోజూ వాడి దగ్గరే టీ తాగేవాణ్ణి" అన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక గ్యారేజీలో దీపం వెలగడం చూసి మేము తలుపు దగ్గరకు వెళ్ళాము. మా వారు మావాడి పాత స్వెట్టరు తొడుక్కుని కారు చుట్టూ తిరుగుతున్నారు. జాకీని చేత్తో ఊపి చూశారు. "ముందు దీని కింద నాలుగు దిమ్మలు పెట్టరా. వట్టి జాకీని నమ్మి ఎన్నడూ కిందికి దూరకూడదు" అన్నారు. మావాడు దిమ్మలు తెచ్చాడు. ఒక్కొక్కటీ ఆయన కాలితో తన్ని చూశారు. ఆ తర్వాత చెయ్యి చాచి, "అర అంగుళం పానా ఇటివ్వు" అన్నారు.

ప్రియమైన తలిదండ్రులారా, మన పిల్లలను మనం కొన్నిటినుండి దూరంగా ఉంచుతాము. చాలాసార్లు అది మంచికే. కాని ఎందుకు దూరంగా ఉంచుతున్నామో చెప్పకపోతే, వాళ్ళు తమకు తోచిన కారణం అల్లుకుంటారు. ఆ కారణంతోనే పెరిగి పెద్దవుతారు. మన భయాన్ని వాళ్ళు సిగ్గు అనుకోవచ్చు, కోపం అనుకోవచ్చు, ప్రేమ లేదనుకోవచ్చు. మీరు చేసిన పని ఏదైనా, దాని కష్టాన్నీ నేర్పునూ మీ బిడ్డలకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. మాలాగా ముప్పయి ఏళ్ళు ఆగకండి.

మేము ఏప్రిల్‌లో తిరిగి వచ్చేనాటికి ఆ కారు ఇంకా స్టార్టు కాలేదు. ఇప్పుడు మా ఇంటికి ఫోను ప్రతి ఆదివారం సాయంత్రం వస్తుంది. ఒక్కొక్కసారి గంటసేపు కార్బురేటరు గురించే మాట్లాడుకుంటారు. మాకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పక్కనే కూర్చుని వింటాము.