గెలిచింది మనోళ్ళే!

ఉప్పల్ స్టేడియం ఎక్కడ... పుల్లలచెరువు ఎక్కడ! ఎర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా రాత్రంతా బస్సులో ఒళ్ళు హూనం చేసుకుంటేగానీ హైదరాబాద్ రాదు. ఒక పక్క నల్లమల అడవి, మరో పక్క వినుకొండ దారి, మధ్యలో మిరప, పత్తి, కంది వేసుకుని మబ్బు వంక చూసే పల్లెలు. అలాంటి చోట మే నెలలో రాత్రి పదకొండు దాటాక ఢామ్ ఢామ్మని టపాకాయలు పేలితే ఎవరైనా పెళ్ళి ఊరేగింపు అనే అనుకుంటారు. ఆరుబయట మంచం మీద పడుకున్న పెద్దాయన లేచి కూర్చుని, 'ఏందిరా ఆ గోల?' అంటాడు. 'మనోళ్ళు గెలిచినారు తాతా!' అని జవాబు. 'మనోళ్ళా? ఎవురంట?' అని తాత మళ్ళీ అడిగితే మాత్రం మనవడు కాసేపు తడుముకోవాల్సిందే.

తడుముకోడా మరి! 2016 మే 29 రాత్రి సంగతే తీసుకోండి. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐపీఎల్ కప్పు గెలిచింది. ఆ రోజు ఆడిన పదకొండు మందీ ఎవరు? కెప్టెన్ డేవిడ్ వార్నర్, మోజెస్ హెన్రిక్స్, బెన్ కటింగ్... ముగ్గురూ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్ళు. ముస్తాఫిజుర్ రెహమాన్‌ది బంగ్లాదేశ్. శిఖర్ ధావన్‌ది ఢిల్లీ, భువనేశ్వర్ కుమార్‌ది మీరట్, యువరాజ్ సింగ్‌ది చండీగఢ్, నమన్ ఓఝాది ఉజ్జయిని. దీపక్ హుడా, బిపుల్ శర్మ, బరీందర్ స్రాన్... వీళ్ళదీ ఉత్తరాదే. తెలుగువాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. జట్టు యజమానులది చెన్నై. పోనీ పేరులో హైదరాబాద్ ఉంది కదా అంటే, అప్పటికే రాష్ట్రం విడిపోయి రెండేళ్ళు. పదేళ్ళ ఉమ్మడి రాజధాని అని చట్టంలో రాసుకున్నా, సచివాలయం సామాన్లు అమరావతికి సర్దుకుంటున్న రోజులవి.

అయినా గెలిచింది మనోళ్ళే. అందులో అనుమానమే లేదు!

ఇది పట్నపు లెక్కలకు అందే వ్యవహారం కాదు. పశ్చిమ ప్రకాశంలో వానలు మొహం చాటేసిన ఏడు జనం మూటాముల్లే సర్దుకునేది ఎక్కడికి? కొందరు గుంటూరు వైపు మిరపకోతకు, చాలామంది హైదరాబాద్‌కు. తాపీ పని, సెంట్రింగ్ పని, అపార్టుమెంటు వాచ్‌మన్ పని. కాస్త చదువుకున్న పిల్లలకు అమీర్‌పేట కోచింగులు, హాస్టళ్ళు. కార్డులో చిరునామా పుల్లలచెరువుదే, తినే అన్నం మాత్రం కూకట్‌పల్లిదో ఎల్బీనగర్‌దో. రాష్ట్రాన్ని రెండు చేసినవాళ్ళు ఈ బంధుత్వాన్ని పంచలేదు. పంచడం కుదరదు కూడా. అందుకే జెర్సీ మీద హైదరాబాద్ అని కనబడితే చాలు, ఆ పని చేసేచోటు పేరేదో మన ఇంటిపేరులా అనిపిస్తుంది కుర్రాళ్ళకు.

ఈ అభిమానం సన్‌రైజర్స్‌తో మొదలవలేదు. అంతకు ముందు డెక్కన్ చార్జర్స్ ఉండేది. 2008లో మొదటి ఐపీఎల్. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిది, గిబ్స్, రోహిత్ శర్మ, మన లక్ష్మణ్... కాగితం మీద చూస్తే కళ్ళు చెదిరే జట్టు. తీరా ఆడితే 14 మ్యాచ్‌లలో గెలిచినవి 2! ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. బడి నుంచి ఇంజినీరింగ్ కాలేజీ దాకా ఆ ఏడాదంతా చార్జర్స్ మీద జోకులే. చార్జర్ పోయిందిరా, కొత్తది కొనండి అంటూ సెల్‌ఫోన్లలో మెసేజిలు.

2009లో దేశమంతా ఎన్నికలు. భద్రత కష్టమని ఐపీఎల్‌ను ఏకంగా దక్షిణాఫ్రికా తరలించారు. ఇక్కడ ఏప్రిల్‌లో పోలింగు, మే 16న ఫలితాలు. ఊళ్ళో గెలిచినవాళ్ళ ఊరేగింపులు సద్దుమణిగి, ఓడినవాళ్ళు అరుగుల మీదికి మళ్ళీ వచ్చి కూర్చునే సమయానికి, ఎవరూ అనుకోనిది జరిగింది. ఏడు గెలిచి, ఏడు ఓడి, నాలుగో స్థానంతో ముక్కీ మూలిగీ చార్జర్స్ సెమీ ఫైనల్‌కు వచ్చింది! ఎదురుగా పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీ.

మే 22, సెంచూరియన్. ఢిల్లీ 153 కొట్టింది. ఇక్కడ ఎండాకాలపు కరెంటు కోతలు. కేబుల్ ఉన్న ఇల్లు ఉన్నా, కరెంటు ఉన్న గంట ఏదో ఎవరికీ తెలీదు. పోయిన కరెంటు వచ్చేలోపు హైదరాబాద్‌లో ఉన్న బావకో అన్నకో ఫోన్ చేసి స్కోరు అడగడం, అతను చెప్పింది ఇంకో పదిమందికి అరిచి చెప్పడం. ఆ రోజు అరిచేవాడి గొంతు పోయి ఉంటుంది. నానెస్ వేసిన తొలి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్ 5 ఫోర్లు కొట్టాడు. 17 బంతుల్లో యాభై. అవుటయ్యేసరికి 35 బంతుల్లో 85. అవతల కొట్టేది ఆస్ట్రేలియావాడు, కొట్టించుకునేవాడూ ఆస్ట్రేలియావాడే. ఆట జరుగుతున్నది ఆఫ్రికాలో. సంబరం మాత్రం నల్లమల అంచున!

రెండు రోజుల తర్వాత జొహన్నెస్‌బర్గ్‌లో ఫైనల్. మూడో బంతికే గిల్‌క్రిస్ట్ సున్నాకు అవుట్. కుంబ్లే ఆ రోజు 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. గిబ్స్ ఒక్కడూ చివరిదాకా నిలబడి 53 చేస్తే జట్టుకు 143. బెంగళూరు 137 దగ్గర ఆగిపోయింది. ఆరంటే ఆరు పరుగులు. నిరుడు అట్టడుగున ఉన్న జట్టు ఈ ఏడు కప్పెత్తింది. ఎప్పుడూ క్లాసులో చివరి బెంచీలో కూర్చునేవాళ్ళకు ఆ కప్పు ఎంత ముద్దొచ్చిందో వేరే చెప్పాలా? అన్నట్టు ఆ జట్టులో విశాఖపట్నం వేణుగోపాలరావు, హైదరాబాద్ సుమన్ ఉన్నారు. ఓఝా కూడా హైదరాబాద్‌కు ఆడినవాడే. తాతల ప్రశ్నకు అప్పట్లో జవాబు ఉండేది.

2012లో డబ్బు చిక్కుల్లో చార్జర్స్ జట్టే లేకుండా పోయింది. సన్ టీవీవాళ్ళు కొత్త జట్టు కొన్నారు. పేరు మారింది, రంగు మారింది, ఆటగాళ్ళు మారారు. మనోళ్ళు అనే మాట మాత్రం మారలేదు.

2016లో ఆ మాటకు అసలైన పరీక్ష. లీగులో మూడో స్థానం. అంటే ఒక్కటి ఓడినా ఇంటికే. మే 25న ఢిల్లీలో కోల్‌కతాను 22 పరుగులతో దాటారు. 27న అక్కడే గుజరాత్ లయన్స్‌తో రెండో క్వాలిఫయర్. 163 కొట్టాలి. ధావన్ పోయాడు, హెన్రిక్స్ పోయాడు, యువరాజ్ పోయాడు. 117కు ఆరు వికెట్లు! ఇలాంటప్పుడు పల్లెలో టీవీ ముందు జరిగే తతంగం చూడాలి. కూర్చున్న చోటి నుంచి ఎవరూ కదలకూడదు. నీళ్ళకు లేచినవాడి వల్లే వికెట్ పడిందని తేల్చేస్తారు. పొరుగింటి పిల్లాడు వచ్చాకే హుడా అవుటయ్యాడని వాణ్ణి బయటికి పంపేస్తారు, వాడు కిటికీలోంచి చూస్తాడు. వార్నర్ మాత్రం అటు వైపు కొండలా నిలబడ్డాడు. ఎనిమిదో నంబరులో వచ్చిన బిపుల్ శర్మ, అంతకు ముందు పేరు కూడా సరిగా నోరు తిరగని బిపుల్ శర్మ, 11 బంతుల్లో 27 బాదేశాడు. వార్నర్ 93 నాటౌట్. నాలుగు బంతులు మిగిలాయి. కిటికీ దగ్గరి పిల్లాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. వాడు బయట ఉండడం వల్లే గెలిచారట!

ఇక ఫైనల్ చెప్పే పని లేదు. 208 కొట్టారు, గేల్, కోహ్లీ కలిసి పదిన్నర ఓవర్లలో 114 బాదినా ఊపిరి బిగబట్టి 8 పరుగులతో గట్టెక్కారు. కటింగ్ 15 బంతుల్లో 39 కొట్టాడు, గేల్ వికెట్టూ తీశాడు. ఎలిమినేటర్ ఆడి వచ్చి కప్పు గెలవడం ఐపీఎల్‌లో అదే మొదటిసారి. గెలుపు కన్నా ఆ ఐదు రోజుల్లోని మూడు రాత్రులే ఎక్కువ గుర్తుంటాయి అభిమానులకు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ళ కోసం తలలు నెరిసిన ఊళ్ళు ఇవి. ఐదు రోజుల్లో ఫలితం తేలిపోయే ఎదురుచూపు ఇక్కడ ఒక విలాసం.

వార్నర్ కూడా ఈ అభిమానాన్ని ఊరికే ఉంచుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో భార్యతో కలిసి 'బుట్టబొమ్మ' పాటకు స్టెప్పులేసి వీడియో పెడితే, ఆటంటే ఏమిటో తెలియని ఆడవాళ్ళు కూడా 'ఆ పిల్లాడు బాగున్నాడే' అన్నారు. మరుసటి ఏడాదే అతన్ని కెప్టెన్సీ నుంచి తప్పించారు. అప్పుడు వచ్చిన కోపం ఏ అల్లుణ్ణో ఇంట్లోంచి పంపేసినప్పుడు వచ్చే కోపం లాంటిది.

మనోళ్ళు అనే లెక్క మరీ తికమకపడింది 2018లో. ఆ ఏడు ఫైనల్లో సన్‌రైజర్స్‌కు ఎదురుగా చెన్నై. చెన్నై తరఫున ఆ సీజన్లో 602 పరుగులు చేసింది ఎవరు? గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు! మిరపకాయలు అమ్ముకోవడానికి వెళ్ళే ఊరివాడు అవతలి జట్టులో, ముఖం కూడా ఎరగనివాళ్ళు మన జట్టులో. వాట్సన్ సెంచరీతో చెన్నై గెలిచినప్పుడు చివర్లో క్రీజులో రాయుడే ఉన్నాడు. ధోనీ అభిమానులు ఊళ్ళో ఎటూ ఉంటారు. ఆ రాత్రి టపాకాయలు వాళ్ళవి.

టపాకాయలు పేల్చేవాళ్ళంతా అభిమానులే అనుకుంటే పొరపాటు. గుంపులో ఒకడు మరీ ఎక్కువ ఎగురుతుంటాడు. వాడి కళ్ళు స్కోరు మీద కన్నా ఫోన్ మీద ఎక్కువ ఉంటాయి. ఇంకొకడు జట్టు గెలిచినా మాట్లాడడు. వాడు అవతలి జట్టు మీద కాశాడు. పందెం ఇప్పుడు ఎవరు గెలుస్తారన్న దగ్గర ఆగడం లేదు. టాస్ మీద, ఓవర్ మీద, వచ్చే బంతి మీద. వేలతో మొదలై బండి తాకట్టు, అమ్మ చెవి కమ్మలు, చివరికి చెప్పకుండా ఊరొదిలి పోవడం. 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను రాష్ట్రంలో నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టాలు మంచివే. కానీ చేతిలో ఫోన్, చెవిలో బుకీ గొంతు ఉన్న పిల్లాడికి అడ్డం పడాల్సింది పక్కన కూర్చుని మ్యాచ్ చూసే స్నేహితుడే. చాలాసార్లు ఆ స్నేహితుడే అప్పు ఇస్తున్నాడు, అదీ బాధ.

ఊళ్ళో సంబరానికి ఇంకో సుగుణం ఉంది, అది పట్నానికి లేదు. ఇక్కడ మహా అయితే ముప్ఫై మంది. బండి మీద ముగ్గురెక్కి బస్టాండు దాకా రెండు చక్కర్లు, ఎవరి కుక్కో మొరిగితే ఎవరి పిన్నో తిడితే ఇంటికి. 2025 జూన్ 3న బెంగళూరు జట్టు పద్దెనిమిదో ప్రయత్నంలో కప్పు గెలిచింది. మర్నాడు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. గెలిచిన జట్టును చూద్దామని ఇంట్లో చెప్పి వెళ్ళినవాళ్ళు. ఆ వార్త విన్నాక, పిల్లలు హైదరాబాద్‌లో ఉన్న ప్రతి తల్లీ ఫోన్ చేసి ఉంటుంది... 'మీ జట్టు గెలిస్తే గదిలోనే ఉండండి నాయనా' అని.

తాతలకు జవాబు మళ్ళీ దొరికింది 2024లో. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సన్‌రైజర్స్ తరఫున 303 పరుగులు చేసి ఆ ఏడాది ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు. ఆ డిసెంబరులోనే మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కూడా కొట్టాడు. ఇక జట్టు సంగతి... ఒకసారి 277, ఇంకోసారి 287! ఎండిన చెరువులో టెన్నిస్ బంతితో ఆడేటప్పుడు కూడా అన్ని కొట్టడం ఎవరూ చూడలేదు. హెడ్‌లా ఎడమచేత్తో ఆడతామని కుడిచేతివాళ్ళు పట్టుబట్టి మొదటి బంతికే అవుటయ్యేవాళ్ళు.

అదీ ఎన్నికల ఏడే. మే 13న పోలింగ్. పక్కనున్న పల్నాడులో గొడవలై 144 సెక్షన్ పెట్టారు. ఫలితాలు జూన్ 4న. నలుగురు ఒకచోట నిలబడితే ఏ పార్టీవాళ్ళని అడిగే రోజులు. మే 24 శుక్రవారం చెన్నైలో రాజస్థాన్‌తో రెండో క్వాలిఫయర్. 175 చేసి, షాబాజ్ అహ్మద్, అభిషేక్ శర్మల స్పిన్‌తో రాజస్థాన్‌ను 139కి కట్టేశారు. నెల రోజులుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు పార్టీల పిల్లలూ ఆ రాత్రి ఒకే సెల్‌ఫోన్ మీదికి వంగి మ్యాచ్ చూశారు. గెలిచాక ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నాకగానీ ఎవరు ఎవరో గుర్తు రాలేదు.

శనివారం చందాలేసుకున్నారు. ఆదివారం ఫైనల్ కోసం లక్ష్మీబాంబులు, చిచ్చుబుడ్లు, ఒక వెయ్యిజల్ల కూడా. ఆదివారం అభిషేక్ తొలి ఓవర్లోనే అవుట్, హెడ్ మొదటి బంతికే అవుట్. మొత్తం 113. కోల్‌కతా పదిన్నర ఓవర్లలో కొట్టి పారేసింది. పదిన్నరకల్లా ఊరు సద్దుమణిగింది. మర్నాడు సంచీ తీసుకుని కొట్టుకు వెళితే, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు కొట్టతను. జూన్ 4కు ఇస్తారా అని ఒక పార్టీవాళ్ళు అడిగారు, మరో పార్టీవాళ్ళూ అడిగారు. కుర్రాళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. వినాయక చవితి దాకా అటక మీద దాచారు.