మళ్లీ కూర్చునే ధర

పేకాటలో అందరూ గట్టిగా చెప్పేదీ, ఎవరూ నిలబెట్టుకోనిదీ ఒకటే: ఆట ఖరీదు. ‘వంద రూపాయల ఆటే కదా’ అంటారు. ఆ వందతోనే ఆడి, ఆ వందతోనే లేచి వెళ్లినవాణ్ని ఎప్పుడైనా చూశారా? వంద అనేది కూర్చోవడానికి. మళ్లీ కూర్చోవడానికి ఎంత అనేది లేచేటప్పుడు తెలుస్తుంది.

పల్నాడులో దాచేపల్లి చుట్టుపక్కల పెళ్లిళ్లలో ముహూర్తం తెల్లవారుజామున పడితే, రాత్రి భోజనాలకీ తాళికట్టుకీ మధ్య గంటలు మహా మొండిగా కదులుతాయి. అప్పుడు షామియానా చివర ఒక జంబుఖానా పడుతుంది. ఆరుగురు చేరతారు, రెండు కట్టలు విప్పుతారు. ఆట ఏమిటని అడిగే పనే లేదు. పదమూడు ముక్కల రమ్మీ, రెండొందల ఒకటి. మనిషికి వంద చొప్పున ఆరు వందలు మధ్యలో పడతాయి. ఎవరి కౌంటు 201కి చేరితే వాళ్లు అవుట్. చివరికి మిగిలినవాడిది మొత్తం సొమ్ము. మొదట్లోనే ముక్కలు పడేస్తే, అంటే డ్రాప్ చేస్తే, 25, మధ్యలో పడేస్తే 50, దొరికిపోతే ఫుల్ కౌంటు 80.

ఇంతవరకూ సాఫీగానే ఉంది. అసలు తిరకాసు రీజాయిన్ దగ్గర. అవుటైనవాడు ఇంకో వంద పెట్టి మళ్లీ చేరొచ్చు. కాకపోతే సున్నా నుంచి కాదు. ఆటలో ఉన్నవాళ్లలో ఎవరి కౌంటు అందరికంటే ఎక్కువ ఉందో, దాని మీద ఒకటి కలిపి అక్కణ్నుంచి మొదలు. ఆ ఎక్కువ కౌంటు 174 దాటితే రీజాయిన్ లేదు. ఈ 174 ఎక్కణ్నుంచి వచ్చిందో కొంచెం లెక్కేస్తే తెలుస్తుంది. 174కి ఒకటి కలిపితే 175. ఒక్కసారి డ్రాప్ చేస్తే 200. అంటే డబ్బు కట్టి వచ్చినవాడికి చెత్త ముక్కలు పడినా ఒక్కసారి తప్పుకునే వీలు మిగలాలని ఆ గీత గీశారు. నూటొకటి ఆటలో డ్రాపు 20, రీజాయిన్ గీత 79. లెక్క కట్టి చూడండి, అదే న్యాయం. ఈ నియమం పెట్టినవాడెవడో గానీ దయ ఉన్నవాడే. అయితే ఆ దయ ఒక్క డ్రాపు మేరకే.

ఇప్పుడు ఆ క్షణం చూద్దాం. ఒకాయన 210కి వెళ్లి ముక్కలు కింద పడేశాడు. చుట్ట చుట్టిన స్కూలు నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని కౌంటు రాసే బావమరిది తలెత్తాడు.

“హయ్యెస్టు నూటయాభై ఉంది బావా. వస్తావా?”

“రాయి.”

అంతే. ఒక్క మాట. ఆ మాటకి ముందు వేయాల్సిన లెక్క ఒకటుంది. ఆయన వందతో సొమ్ము ఏడు వందలవుతుంది. కాబట్టి ఏడు ఆటల్లో ఒకటైనా గెలవగలిగితేనే ఆ వంద గిట్టుబాటు. ఇంకా ఐదుగురున్నారు, ఆయనతో ఆరుగురు. ఆయన కౌంటు 151. రెండు డ్రాపులతో 201, పని అయిపోయినట్టే. ఒక్క ఫుల్ కౌంటు తగిలినా అంతే. అవతలివాళ్లలో కొందరు 40లోనో 60లోనో కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు. ఈ స్థితిలో ఏడింట ఒకటి అనేది ఆశే తప్ప లెక్క కాదు.

అదే ఆటలో ముగ్గురు లేచిపోయాక, ఇద్దరే మిగిలి, ఎక్కువ కౌంటు 100 దగ్గరుంటే? అప్పుడూ కట్టేది వందే, సొమ్మూ ఏడు వందలే. కానీ ఎదుట ఇద్దరే, చేతిలో వంద కౌంటు ఖాళీ. ముగ్గురిలో బలహీనుడైనా ఏడింట ఒకటి గెలవడం గగనమేమీ కాదు. అప్పుడు కూర్చోవడమే తెలివి. పోయిన మొదటి వంద ఈ రెండు లెక్కల్లోనూ లేదు. అది సొమ్ములో కలిసిపోయింది, ఇక ఆయనది కాదు. మనిషి మాత్రం దాన్ని చూసుకునే రెండో వంద తీస్తాడు. ‘పోయింది లాగాలి’ అనే మాటకు ఎదురుగా ఏ లెక్కా నిలబడదు.

పోకర్ టోర్నమెంట్లలో రీబై అనేది దీని అన్నగారే. మొదటి గంటో, విరామం దాకానో చిప్స్ అయిపోతే మళ్లీ డబ్బు కట్టి మొదట ఇచ్చినన్ని తీసుకోవచ్చు. విరామంలో యాడ్-ఆన్ అని ఇంకొన్ని కొనుక్కోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు వెయ్యి రూపాయల టోర్నమెంటుకి మూడు నాలుగు వేలు పక్కన పెట్టుకునే వెళతారు. అక్కడా సూత్రం ఇదే. తొందరగా కొన్న చిప్స్‌కి విలువెక్కువ. పక్కవాళ్ల దొంతులు మూడింతలై, పందెం మొత్తాలు పెరిగాక కొంటే అదే డబ్బుకి బలం తక్కువ. లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్‌లో 2006లో డేనియల్ నెగ్రానూ అనే పేరున్న ఆటగాడు వెయ్యి డాలర్ల ఒకే ఈవెంటులో నలభైకి పైగా సార్లు డబ్బు కట్టాడు. డబ్బున్నవాడి ఆట అయిపోతోందన్న గొణుగుడు ముదిరింది. 2009 నుంచి అక్కడ రీబై ఈవెంట్లు ఎత్తేశారు.

మన దగ్గర రమ్మీకి సుప్రీంకోర్టు సర్టిఫికెట్ ఉందని ఆటగాళ్లంతా గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతారు. నిజమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ నడిచిన కేసులో, సికింద్రాబాద్ క్లబ్బొకదాని వ్యవహారం తేలుస్తూ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియడం నైపుణ్యమేనని కోర్టు అంది. మూడు ముక్కలాటకి ఆ గౌరవం ఇవ్వలేదు. పందెం సొమ్ములోంచి ఇంటివాడు లాభం తీస్తే నేరమవుతుందనీ హెచ్చరించింది. ఈ చివరి మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇంటివాడు పదో వంతు తీస్తున్నాడనుకోండి, మన ఏడు వందలు 630 అవుతాయి. గిట్టుబాటు గీత ఇంకొంచెం పైకి జరుగుతుంది. ప్రతి రీజాయిన్‌తోనూ తప్పకుండా బాగుపడేవాడు ఒక్క ఆయనే.

ఫోన్లో ఆడే రోజుల్లో ఆ ‘రాయి’ అనే మాట కూడా అవసరం లేకపోయింది. వేలు ఆనిస్తే చాలు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీనీ పోకర్‌నీ నిషేధించింది. 2023 అక్టోబరు నుంచి దేశమంతటా వేసిన డబ్బు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పడింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ మూసేసే చట్టం చేసింది. చాపమీది ఆట మాత్రం ఎప్పటిలాగే ఉంది. పొలిమేర తోటల్లో పట్టుబడ్డ శిబిరాల వార్త జిల్లా పేజీలో ఏ వారమూ తప్పదు.

ఈ పల్నాటి నేల మీద మళ్లీ కూర్చోవడం అందరికీ అలవాటే. తొలకరికి పత్తి గింజ పెట్టాక వాన మొహం చాటేస్తే మొలక రాదు. 2025లో బీజీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. మళ్లీ ప్యాకెట్లు, మళ్లీ అచ్చు తోలడం, మళ్లీ కూలి. అది రీజాయినే. కానీ రైతుకి అదును ఉంది. ఆ రోజులు దాటితే ఎంత డబ్బున్నా పత్తి పెట్టడు, ఇంకో పంట చూసుకుంటాడు. ఆకాశమే ఆయనకి 174 గీత. జంబుఖానా మీద ఒక ఆటకి గీత పడితే పక్కనే ఇంకో ఆట మొదలవుతుంది.

కథల్లోనూ ఈ తేడా ఉంది. పల్నాటి కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు మాచర్ల విడిచి వెళ్లింది. రెండో పుంజు తెస్తానని ఆయన అనలేదు. ధర్మరాజు మాత్రం పోయిందంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాక, దారిలోంచి పిలిస్తే వెనక్కి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటవే.

ఆట మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. చెబితే వినేదెవరు? ఆ నోటుబుక్కులో ఒక వరస చేర్చమని మాత్రం అడుగుతాను. కౌంటు వరసలన్నీ ఉన్నాయి, రీజాయినైనవాడి పేరు పక్కన చిన్న గుర్తూ ఉంది. ఇప్పటిదాకా ఎవరు ఎంత కట్టారన్న మొత్తం మాత్రం ఎక్కడా లేదు. ఆ అంకె అడుగున రాసి, ‘వస్తావా?’ అనే ముందు పైకి చదవాలి. “బావా, ఇప్పటికి ఐదు వందలు కట్టావు, ఇది ఆరోది. వస్తావా?” అది విని కూడా లెక్క చూసుకుని కూర్చునేవాణ్ని కూర్చోనివ్వండి, వాడికి ఆట తెలుసు. మిగిలినవాళ్లు పెళ్లి చూడటానికి వెళతారు. ఎలాగూ వచ్చింది అందుకే కదా.