బరంపేట మేడమీద మెయిన్‌ఫ్రేమ్

నరసరావుపేట బరంపేటలో ఆ ఇంటికి బోర్డు లేదు. కింద పురుగుమందుల కొట్టు, పై వాటాలో ఒక మాస్టారూ వాళ్లమ్మగారూ, ఆపైన రేకుల గది. గదిలో పాత డెస్క్‌టాప్‌లు, ఒక ఇన్వర్టరు, నల్లటి తెరల మీద ఆకుపచ్చ అక్షరాలు. ఒక్కో తెరకు 24 వరసలు, వరసకు 80 అక్షరాలు. మౌసుతో పనే లేదు.

సాయంత్రం పూట ఈ గది క్లాసుకొచ్చే ఇంజినీరింగ్ పిల్లలది. రాత్రి తొమ్మిది తరవాత ఆయనది. అమెరికాలో ఒక బీమా కంపెనీకి ఇక్కణ్ణించే, వాళ్ల మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటరుకు సిస్టమ్స్ ప్రోగ్రామరుగా పనిచేస్తారు. ఆ కంపెనీ పాత యంత్రాన్ని తీసేసి కొత్తది తెప్పిస్తోంది. కొత్తదాని మీద ఏ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ (ఒక యంత్రాన్ని చాలా యంత్రాలుగా పంచేది) పెట్టాలన్న చర్చ కొన్నాళ్లుగా నలుగుతోంది, అందులో ఈయన మాటకు విలువ ఉంది. ఆ ఎంపిక ఎట్లా జరుగుతుందో పక్కన కూర్చుని చూద్దామని వెళ్లాను. కంపెనీ పేరూ తన పేరూ రాయొద్దన్నారు. పిల్లలు పిలిచినట్టే నేనూ మాస్టారు అంటాను.

మాస్టారిది వినుకొండ రోడ్డులో ఒక మెట్ట పల్లెటూరు. డిగ్రీ అయ్యాక 1997లో హైదరాబాదు వెళ్లి అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ అనే మెయిన్‌ఫ్రేమ్ భాషలు నేర్చుకున్నారు. ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే ఏమైపోతాయోనని ప్రపంచం భయపడుతున్న రోజులవి. ఆ భయం వల్ల విమానమెక్కిన వేలమంది తెలుగువాళ్లలో ఆయనొకరు. చాలామంది ఆ తరవాత జావాకో శాప్‌కో మళ్లిపోయారు. ఈయన మాత్రం అప్లికేషన్లు వదిలి ఇంకా అడుక్కి, యంత్రాన్ని పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ దగ్గరికి దిగారు. కొవిడ్ నాడు తల్లిని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు.

నేను వెళ్లేసరికి క్లాసు నడుస్తోంది. పిల్లల కంప్యూటర్లలో ఉన్నది హెర్క్యులిస్ అనే ఉచిత ప్రోగ్రాము. రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టాడు. మామూలు పీసీని ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లాగా ప్రవర్తింపజేస్తుంది. దాని మీద నడిచేది ఎంవీఎస్ 3.8జే, 1981 నాటి ఆపరేటింగ్ సిస్టమ్. ఒక్కో ప్రోగ్రాముకు దొరికే చిరునామా జాగా మొత్తం కలిపితే 16 ఎంబీ. మన ఫోనులో కాసిని ఫొటోలకే సరిపోతుంది. కానీ కార్డు రీడరుంది, లైన్ ప్రింటరుంది, అన్నీ ఉత్తుత్తివే. యంత్రానికి పని (జాబ్) పంపడమంటే లేని కార్డులను లేని రీడరులో వెయ్యడమే.

గురజాల వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి ప్రోగ్రాము ఎన్నిసార్లు పంపినా తిరిగొస్తోంది. మాస్టారు వెనకనుంచి తొంగిచూశారు.

"ఎండ్-ఇఫ్ అని రాశావేందమ్మా?"

"పుస్తకంలో అట్టాగే ఉంది సార్."

"నీ పుస్తకం 85 కోబాల్‌ది. ఈ కంపైలరు అంతకంటే ముందుది. ఎండ్-ఇఫ్ తీసేసి చుక్క పెట్టు."

చుక్క పెట్టింది, కంపైల్ అయింది. ఆ తరవాత సాక్‌సెవెన్ వచ్చింది. అంకెలుండాల్సిన చోట అక్షరాలుంటే మెయిన్‌ఫ్రేమ్ పడేసే తిట్టు అది. దాన్ని వెతుక్కోమని వదిలేశారు.

నలభై ఏళ్ల నాటి సరుకు ఎందుకు నేర్పుతున్నారన్నది నా మొదటి ప్రశ్న. జవాబు సాంకేతికం కాదు, లైసెన్సు. ఈనాటి మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌ను హెర్క్యులిస్ మీద నడపడం కుదరక కాదు, ఐబీఎం ఒప్పుకోదు. 2010లో టర్బోహెర్క్యులిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఇదే విషయం మీద యూరోపియన్ కమిషన్ దాకా వెళ్లింది. మరుసటేడు ఆ విచారణ మూతబడింది. కాబట్టి ఊళ్లో కూర్చుని చట్టబద్ధంగా నడుపుకోగలిగినవాటిలో ముఖ్యమైనవి ఆ పాత ఎంవీఎస్, దానితోపాటు వీఎం/370. ఐబీఎం నడిపే జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో పేరు నమోదు చేసుకుంటే అసలు జెడ్/ఓఎస్ మీద దూరం నుంచి సాధన చేయొచ్చు, అదీ ఉచితమే. కానీ అక్కడ మనం అతిథులం. యంత్రాన్ని మనమే స్టార్టు చేసి, మనమే పాడుచేసి, మళ్లీ మనమే లేపుకోవాలంటే హెర్క్యులిస్సే దిక్కు. సిస్టమ్స్ పని ఆ పాడుచేసుకోవడంలోనే వస్తుందని మాస్టారి నమ్మకం. నాకూ సబబుగానే తోచింది.

ఈ వీఎం/370 దగ్గర కాస్త ఆగాలి. వర్చువల్ మెషీన్ అంటే ఈ మధ్య క్లౌడ్ వాళ్లు కనిపెట్టిందని పిల్లలు అనుకుంటారు. ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించింది 1964లో. మసాచుసెట్స్ కేంబ్రిడ్జిలోని ఐబీఎం వాళ్లు అందులో ఒక మోడల్‌ను కొంత మార్చి, సీపీ-40 అనేదాన్ని 1967 జనవరి కల్లా నడిపేశారు. కూర్చున్న ప్రతివాడికీ మొత్తం యంత్రం తనదే అనిపించేలా చూపించడం దాని పని. ఆ వరసలో వీఎం/370 వచ్చింది 1972లో. పీసీ లోకంలో పేరు మోసిన వీఎంవేర్ కంపెనీ పెట్టింది 1998లో. నేటి జెడ్/వీఎం ఆ 1967 నాటి దానికి నేరుగా వారసురాలు. పాత ఆజ్ఞలు ఇప్పటికీ కొన్ని అట్లాగే పనిచేస్తాయి.

మరి ఇంత పాత వంశం ఉంటే, ఎంచుకోవడానికి ఏముంది? ఆ ప్రశ్నకు మాస్టారు తెల్లబోర్డు తుడిచి మూడు పేర్లు రాశారు.

మొదటిది ఎల్‌పార్. యంత్రంలోనే ఉండే ప్రిజం అనే ఏర్పాటు దాన్ని ముక్కలు చేస్తుంది. 1988 నుంచీ ఉంది, విడిగా కొనక్కర్లేదు, వద్దన్నా దాన్ని దాటి పోలేరు. పెద్ద మోడళ్లలో గరిష్ఠంగా 85 ముక్కలు. ఒక ముక్కలోది ఇంకో ముక్కకు కనబడదు. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సిస్టమ్‌లుంటే ఇది చాలు, పైన ఇంకేం పెట్టొద్దంటారాయన. ఈ మాట అమ్మేవాళ్లెవరూ చెప్పరని కూడా అన్నారు.

రెండోది జెడ్/వీఎం. ఒక ఎల్‌పార్‌లో దీన్ని ఎక్కిస్తే వందల గెస్టులను, అంటే దాని కింద నడిచే వర్చువల్ మెషీన్లను, మోస్తుంది. లినక్స్ ఒక్కటే కాదు, జెడ్/ఓఎస్, వీఎస్‌ఈ, జెడ్/టీపీఎఫ్ అనే మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు, చివరికి ఇంకో జెడ్/వీఎం కూడా దీని కింద గెస్టుగా నడుస్తాయి. డబ్బు పెట్టి కొనాలి. యూజర్ల పట్టీని నిర్వహించే డిర్‌మెయింట్, పనితీరు కొలిచే టూల్‌కిట్, భద్రతకు ర్యాక్‌ఎఫ్, వీటికి విడి ధర.

మూడోది కేవీఎం. లినక్స్‌లో భాగం. రెడ్‌హ్యాట్, సూసే, ఉబుంటు ఏది కొన్నా దానితోనే వస్తుంది. ఎక్కడో ఇంటెల్ సర్వర్ల మీద కేవీఎం నడిపినవాడు ఇక్కడా నడపగలడు. పరిమితి ఒక్కటే, అది చిన్నది కాదు: దీని కింద లినక్స్ గెస్టులే, జెడ్/ఓఎస్ నడవదు.

అన్నట్టు, బ్రాడ్‌కామ్ కంపెనీ చేతికి వెళ్లాక వీఎంవేర్ లైసెన్సుల పద్ధతి మారి, చాలామంది మరో దారి వెతుక్కుంటున్నారు. ఆ ఊపులో ఒకాయన మెయిన్‌ఫ్రేమ్ మీద కూడా వీఎంవేర్ తీసేయాలా అని అడిగాడట. అసలది అక్కడ నడవనే నడవదు. మాస్టారు నవ్వలేదు గానీ నేను నవ్వాను.

పేర్లు మూడే అయినా, పంపకం ఎట్లా జరుగుతుందో తెలియకుండా ఎంచుకోకూడదంటారు. నాగార్జునసాగర్ కుడి కాలవ కింద వారబందీ (వంతులవారీగా నీళ్లు వదలడం) తెలిసిన ఊరివాళ్లం కదా అని ఆ లెక్కలోనే చెప్పారు. జెడ్/వీఎంలో ప్రతి గెస్టుకూ షేరు ఉంటుంది. ఏమీ చెప్పకపోతే అందరికీ సాపేక్షంగా 100. ఒకడు తన లినక్స్ నెమ్మదిగా ఉందని ఎనిమిది వర్చువల్ ప్రాసెసర్లు పెట్టమంటాడు. పెడతారు. షేరు మాత్రం 100 దగ్గరే ఉంటుంది, అది ఎనిమిదిటికీ పన్నెండున్నర చొప్పున చీలుతుంది. తూములు పెంచినంత మాత్రాన వంతు పెరగదు. మెమరీ సంగతి ఇంకా ఘోరం. ఉన్నదానికంటే ఎక్కువ ఆయకట్టు రాసేస్తే అందరూ ఒక్కసారి తడి పెట్టిననాడు చివరి పొలం ఎండుతుంది. అందరూ ఒక్కసారి పెట్టరన్న ధీమా మీదే ఈ వ్యాపారమంతా నడుస్తుంది.

ఆ ధీమా దెబ్బతిన్న సందర్భం ఒకటి చెప్పారు. లినక్స్ మెయిన్‌ఫ్రేమ్ మీదికి వచ్చిన తొలిరోజుల్లో, 2000 ప్రాంతంలో, ప్రతి గెస్టూ పనున్నా లేకున్నా సెకనుకు 100 సార్లు లేచి గడియారం చూసుకునేది. ఒక్కటైతే ఏమీ కాదు. వందలుంటే అన్నీ మేలుకునే ఉన్నట్టు లెక్క, జెడ్/వీఎం దేన్నీ పక్కన పడుకోబెట్టలేకపోయేది. పని లేనప్పుడు టైమరు ఆగేలా లినక్స్‌ను మార్చాక గానీ కుదురుకోలేదు. అందుకే ఆయన ఏ కంపెనీ బ్రోచర్‌నూ నమ్మరు. గెస్టు ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తోందో చూపించు, అప్పుడు మాట్లాడదాం అంటారు.

ఎనిమిదిన్నరకు పిల్లలు దిగిపోయారు. ఆ అమ్మాయి ఒక్కతే మిగిలింది, వాళ్ల నాన్న బండి మీద రావాలి. కింద నుంచి అమ్మగారు జొన్నరొట్టెలు, గోంగూర పంపించారు. తొమ్మిదికి కాల్ మొదలైంది, అక్కడ పొద్దున పదిన్నర. నన్ను మాట్లాడకుండా కూర్చోమన్నారు. యంత్రం వివరాలు వచ్చినప్పుడు తెర పక్కకు తిప్పేసుకున్నారు. మిగతాది విన్నాను.

అటువైపు ముగ్గురు. డబ్బు చూసే మేనేజరు. ముప్ఫై దాటని లినక్స్ కుర్రాడు. ఇంకొకాయన అక్కడి జెడ్/వీఎంను ఏళ్ల తరబడి చూసుకుని, ఈ ఏడాది రిటైరవుతున్న పెద్దమనిషి. కుర్రాడి వాదన పటిష్ఠంగా ఉంది: గెస్టుల్లో అత్యధికం లినక్సే, కేవీఎం అయితే లైసెన్సు ఆదా, వాళ్ల మిగతా సర్వర్లకు రాసుకున్న ఆటోమేషన్ ఇక్కడా పనిచేస్తుంది, మనుషులు దొరుకుతారు. నిజం చెప్పాలంటే ఆ పది నిమిషాలూ నేను అతని పక్షమే.

మాస్టారు ఒకే ప్రశ్న వేశారు. వీఎస్‌ఈ సంగతేమిటి? పాత పాలసీల లెక్కలు అందులో ఉన్నాయి. దానితోపాటు ఒక పరీక్షల జెడ్/ఓఎస్ జెడ్/వీఎం కింద ఉంది, వారానికోసారి దాన్ని కూల్చి మళ్లీ కడతారు. రెండూ కేవీఎం కిందికి రావు. విడివిడి ఎల్‌పార్‌లలో పెట్టుకోవచ్చు గానీ, కావలసినప్పుడల్లా కొత్తది కట్టుకునే వెసులుబాటు పోతుంది. పెద్దమనిషి అవునవునన్నాడు.

అక్కడితో మాస్టారు గెలిచేవారే. ఆగలేదు. జెడ్/వీఎం తెలిసినవాళ్లు మీ దగ్గర ఇద్దరు, ఒకరు వెళ్లిపోతున్నారు, ఇంకొకణ్ణి నేను, నేను వేల మైళ్ల అవతల ఉన్నాను అన్నారు. రాత్రి రెండింటికి అది పడిపోతే లేపేదెవరు? నేనున్నాననే ధైర్యంతో దాన్ని ఎంచుకోకండి. తన పొట్టకే ఎసరు పెట్టే మాట అది. మేనేజరు కాసేపు మాట్లాడలేదు.

చివరికి తేలింది రెంటినీ పెట్టడం. వీఎస్‌ఈ, పరీక్షల జెడ్/ఓఎస్, వాటిని అంటిపెట్టుకున్న కొన్ని లినక్స్‌లు ఒక ఎల్‌పార్‌లో జెడ్/వీఎం కింద. కొత్తగా వచ్చే లినక్స్ అంతా ఇంకో ఎల్‌పార్‌లో కేవీఎం కింద. అయితే ఒక షరతు: కుర్రాడు మూడు నెలల్లో జెడ్/వీఎంను బ్యాకప్ నుంచి ఒంటరిగా లేపి చూపించాలి. ధరలు వచ్చాక సంతకాలు. ఇది అన్నిటికంటే చవకైన దారి కాదు, రెండు రకాల సాఫ్ట్‌వేర్ చూసుకునే శ్రమ ఉంది. అయినా విన్నంతలో నాకు ఇదే సరైనదనిపించింది. ఏది గొప్పదన్న మాట ఆ గంటసేపట్లో పెద్దగా రానే లేదు. దాని కింద ఏవి కాపురం ఉండాలి, రాత్రి దాన్ని ఎవరు చూడాలి, ఈ రెంటి చుట్టూనే తిరిగారు.

కాల్ అయ్యేసరికి ఆ అమ్మాయి నాన్న వచ్చి మెట్ల మీద నిలబడి ఉన్నారు. మిరపకాయ కోతల్లోంచి వచ్చినట్టున్నారు, చేతులు దూరంగా పెట్టుకున్నారు.

"మాస్టారూ, దీనికి ప్యాకేజీ ఎట్టా ఉంటదండీ?"

"మొదట్లో జావా వాళ్లంత రాదు బాబాయ్. నేర్చుకున్నాక మాత్రం మనిషి కోసం వెతుక్కుంటూ వస్తారు."

"అది నేర్పే కాలేజీ లేదంటగా?"

"అందుకేగా వెతుక్కుంటూ వస్తారనేది."

ఆయన పూర్తిగా నమ్మలేదు. అమ్మాయి మధ్యలో అందుకుంది. సాక్‌సెవెన్ దొరికిందట, స్టార్టు విలువ పెట్టని ఒక లెక్కింపు ఫీల్డు. ఇక వీఎం/370 కింద ఎంవీఎస్‌ను గెస్టుగా నడిపే పని ఇవ్వమంది. మాస్టారు ముందు లినక్స్ సంగతి అడిగారు. కేవీఎంను నడిపే విర్ష్ ఆజ్ఞలు చూడకుండా రాయగలవా? రాయలేదట.

"ఐతే ఈ వారం అదే. ల్యాప్‌టాప్‌లో కేవీఎం పెట్టి రెండు గెస్టులు నడుపు. వచ్చే వారం వీఎం డైరెక్టరీలో ఎంవీఎస్‌కు ఎంట్రీ నువ్వే రాయి, డిస్కులు నువ్వే కేటాయించు. తప్పు రాస్తే ఏమవుద్దో నేను చెప్పను."

"పడిపోతే సార్?"

"నువ్వే లేపాల."