ఆకాశంలో మన చెత్త మాటేమిటి?

2023 జులైలో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు ఆనవాయితీ ప్రకారం రాకెట్ నమూనాతో తిరుమల వెళ్లి శ్రీవారిని దర్శించుకున్నారు. అయినా ఆ ప్రయోగ ముహూర్తాన్ని 4 సెకన్లు వెనక్కి జరిపింది పంచాంగం కాదు, చెత్త. దారిలో ఒక పాత శకలం మరీ దగ్గరగా వచ్చే ప్రమాదం ఉందని లెక్కల్లో తేలింది. అదే నెల 30న సింగపూర్ ఉపగ్రహాలతో బయల్దేరిన పీఎస్ఎల్వీ-సీ56ను కూడా ఇదే కారణంతో ఒక నిమిషం ఆపారు. 4 సెకన్లంటే వినడానికి ఏమంత కాదు. కానీ దిగువ కక్ష్యలో తిరిగే వస్తువు సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. అంటే ఆ 4 సెకన్లలో 30 కిలోమీటర్లు.

భూమి చుట్టూ తిరుగుతూ రాడార్ల కంటపడుతున్న వస్తువులు దాదాపు 40,000. పనిచేస్తున్న ఉపగ్రహాలను తీసేస్తే మిగిలినవన్నీ కాలం చెల్లిన ఉపగ్రహాలు, ఖాళీ రాకెట్ దశలు, పేలుళ్ల ముక్కలు. సెంటీమీటరు దాటినవి 10 లక్షలకు పైనే ఉంటాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. 2007లో చైనా తన ఉపగ్రహాన్ని తానే క్షిపణితో పేల్చి 3,000కు పైగా ముక్కలు చేసింది. 2009లో అమెరికా కంపెనీ ఉపగ్రహం ఇరిడియం, మూలనపడిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ సైబీరియా మీద ఢీకొని మరో 2,000 దాకా ముక్కలయ్యాయి. ముక్క ఇంకోదాన్ని కొట్టి మరిన్ని ముక్కల్ని పుట్టించే గొలుసు మొదలవుతుందని నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే హెచ్చరించారు.

ఈ పేర్లు చెప్పి వేలెత్తి చూపడం మనకు తేలికే. మన వాటా చిన్నది, నిజమే. కానీ అసలు లేకపోలేదు. 2019 మార్చి 27న ‘మిషన్ శక్తి’ పేరిట మన క్షిపణి మన ఉపగ్రహాన్నే కూల్చింది. 45 రోజుల్లో శకలాలన్నీ రాలిపోతాయని డీఆర్‌డీఓ అప్పటి అధిపతి జి. సతీశ్‌రెడ్డి చెప్పారు. కొన్ని ముక్కలు రెండేళ్లు దాటినా తిరుగుతూనే ఉన్నాయి.

అంతకన్నా పెద్ద కథ ఒకటుంది. దాన్ని ఎవరూ పెద్దగా గుర్తు చేసుకోరు. 2001 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ3 మూడు ఉపగ్రహాలతో ఎగిరింది. మన టీఈఎస్, జర్మనీ వారి బర్డ్, ఐరోపా అంతరిక్ష సంస్థ వారి ప్రోబా-1. మూడూ సరిగ్గా కక్ష్యలో చేరాయి. పేపర్లలో విజయగాథలు వచ్చాయి. రెండు నెలలు తిరగకముందే, డిసెంబర్ 19న, పని ముగించుకుని పైనే ఉండిపోయిన ఆ రాకెట్ నాలుగో దశ పేలిపోయింది. 300కు పైగా ముక్కలు. రాకెట్ దశలో ఇంధనం, పీడనం మిగిలి ఉంటే అది పైన ఉన్నన్నాళ్లూ బాంబుతో సమానం. ఆ తర్వాత ఇస్రో పాఠం నేర్చుకుంది. పని అయిపోయిన దశలో మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేసి, ఖాళీ డబ్బా చేసి వదులుతోంది. ఆనాటి ముక్కల్లో చాలా మటుకు వాతావరణంలో పడి కాలిపోయాయి. ఇంకా కొన్ని మాత్రం పైనే ఉన్నాయి.

ఆ రోజు వెళ్లిన ప్రోబా-1 సంగతి మరీ విచిత్రం. 94 కిలోల ఈ బుల్లి ఉపగ్రహం రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. రెండు దశాబ్దాలకు పైగా పనిచేసింది. ఇప్పుడు దాన్ని పట్టి కిందికి దించే పనిని ఐరోపా అంతరిక్ష సంస్థ ‘క్లియర్‌స్పేస్-1’కు అప్పగించింది. నిజానికి 2020లో 8.6 కోట్ల యూరోలకు ఒప్పందం కుదిరినప్పుడు దించాల్సింది వేరే వస్తువును. 2013లో వదిలేసిన వెస్పా అనే 112 కిలోల రాకెట్ భాగాన్ని. తీరా చూస్తే, 2023లో ఆ వెస్పానే వేరే చెత్త ఏదో తగిలి కొత్త ముక్కలు రాల్చింది. ఊడ్చేవాడు రాకముందే కుప్ప చెదిరిపోయింది. మరుసటి ఏడాది ప్రోబా-1ను ఎంచుకున్నారు. ప్రయోగం మాత్రం వెనక్కి జరుగుతూనే ఉంది.

పట్టుకోవడం కుదరని పనేమీ కాదు. బ్రిటన్ నాయకత్వంలో సాగిన ‘రిమూవ్ డెబ్రి’ 2018లో వల విసిరి చూసింది. 2019లో ఈటె విసిరింది. రెండూ పారాయి, అయితే అవి తామే తీసుకెళ్లిన లక్ష్యాల మీద. అసలు చెత్త అలా కాదు. దొర్లుతూ ఉంటుంది, పిలిస్తే పలకదు, పట్టుకోవడానికి పిడి ఉండదు. జపాన్ కంపెనీ ఆస్ట్రోస్కేల్ 2024లో పంపిన ఏడ్రాస్-జే, 2009 నుంచి తిరుగుతున్న జపాన్ రాకెట్ దశకు 15 మీటర్ల దగ్గరికి వెళ్లి నాలుగు పక్కలా ఫోటోలు తీసింది. మూడు టన్నుల ఖాళీ డబ్బా అది. పట్టుకుని దించడం తర్వాతి విడత.

అసలు చిక్కు డబ్బు దగ్గర, హక్కు దగ్గర ఉంది. 112 కిలోలకు 8.6 కోట్ల యూరోలంటే కిలోకు ఏడున్నర లక్షల పైమాట. తొలి యంత్రం కాబట్టి అంత ఖర్చు అనుకున్నా, దానితో లాభపడేది అందరూ, చెల్లించేది ఒకరు. ఇక 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం పాడైపోయిన ఉపగ్రహం కూడా దాని సొంత దేశానిదే. ఇంకొకరు ముట్టుకోకూడదు. నష్టపరిహారం మీద 1972లో వచ్చిన ఒప్పందం ఇంకో మెలిక పెట్టింది. ఉపగ్రహం ఎవరిదైనా, ఎవరి నేల మీద నుంచి ఎగిరిందో ఆ దేశం కూడా ‘ప్రయోగించిన దేశం’ కిందే లెక్క. అంటే ప్రోబా-1 విషయంలో మనకూ సంబంధం ఉంది. విదేశీ ఉపగ్రహాలను చవగ్గా పంపుతున్నామని చెప్పుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుకు రాదు.

ఇస్రోను తప్పుపట్టడానికి లేదు. మేఘా ట్రోపిక్స్‌ను 2023 మార్చిలో పసిఫిక్ సముద్రం మీదికి గురి చూసి దించింది. 2024లో పోయెమ్-3 పేరుతో పీఎస్ఎల్వీ నాలుగో దశనే ప్రయోగశాలగా వాడుకుని, 650 కిలోమీటర్ల నుంచి 350కి దింపి మరీ కాల్చేసింది. 2030 కల్లా చెత్త వదలని ప్రయోగాలే చేస్తామని ఆ ఏడాది ఏప్రిల్‌లో బెంగళూరులో ప్రకటించింది. మంచిదే. అయితే ఆ మాట ఇకముందు వెళ్లేవాటి గురించి. ఇప్పటికే పైన తిరుగుతున్న పాత నాలుగో దశల గురించి కాదు. రేపటి నుంచి వీధిలో చెత్త వేయనని ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన నిన్నటి కుప్ప కదలదు.

2025 జనవరి 16న స్పేడెక్స్ ప్రయోగంలో మన రెండు ఉపగ్రహాలు కక్ష్యలో ఒకదాన్నొకటి అందుకున్నాయి. ఆ పని చేసిన నాలుగో దేశం మనది. ఒకదాన్నొకటి గుర్తుపట్టి మాట్లాడుకునే జంట కాబట్టి అది కాస్త సులువు. పలకని వస్తువును చేరుకోవడం దాని తర్వాతి మెట్టు. ఆ మెట్టు ఎక్కడానికి శ్రీహరికోట నుంచి వెళ్లిన పాత నాలుగో దశల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. అది మనదే కాబట్టి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.