నిప్పుతో కాపురం చేసే ద్వీపం

అట్లాంటిక్ మహాసముద్రంలో, ఉత్తర ధ్రువవలయానికి కొంచెం దిగువగా ఐస్‌లాండు అనే ద్వీపం ఉన్నది. ఆ పేరుకు మంచుదేశమని అర్థం. అందులో పదోవంతు నేలను ఏడాది పొడుగునా హిమానీనదాలు కప్పి ఉంటాయి. కాని ఆ మంచు అడుగున నిప్పున్నది! భూమి పైపెంకులోని రెండు పెద్ద పలకలు ఈ ద్వీపం కిందనే ఏటా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. ఆ సందుల్లోంచి కరిగిన రాయి పైకి తన్నుకు వస్తుంది. అందుకే అక్కడ ఎక్కడ చూసినా అగ్నిపర్వతాలూ, వేడినీటి బుగ్గలూ కనిపిస్తాయి.

870 ప్రాంతాల నార్వే నుంచి జనం ఓడలలో వచ్చి ఇక్కడ స్థిరపడసాగారు. వారికి రాజు లేడు. 930లో వారు తింగ్‌వెల్లిర్ అనే లోయలో ఆల్‌తింగ్ అనే సభను ఏర్పాటు చేసుకున్నారు. ఏటా వేసవిలో అక్కడ ఆరుబయట సమావేశమై తగవులు తీర్చుకునేవారు. మొదట్లో చట్టాలు రాతలో లేవు. ఒక పెద్ద వాటిని కంఠస్థం చేసి, ఏడాదికి మూడోవంతు చొప్పున అందరికీ వినిపించేవాడు. తరవాత ఈ దేశం నార్వే, డెన్మార్కు రాజుల పాలన కిందికి పోయి, 1944 జూన్ 17న రిపబ్లిక్ అయింది. నేటికీ అక్కడి శాసనసభ పేరు ఆల్‌తింగే.

ఐస్‌లాండు ప్రజలకు రాజులకన్న నిప్పే పెద్ద శత్రువయింది. 1783లో లాకి అనే చోట నేల బారుగా చీలి, ఎనిమిది నెలలపాటు లావా కక్కింది. విషవాయువులతో గడ్డి పాడయింది. గడ్డి మేసిన పశువులు చచ్చాయి. కరువు వచ్చి, దేశజనాభాలో ఐదోవంతు నశించింది. ఆనాడు ప్రజలు చేయగలిగినది ఏమీ లేకపోయింది.

సుమారు రెండు వందల ఏళ్ళ తరవాత కథ మరో విధంగా నడిచింది. ఐస్‌లాండుకు దక్షిణాన హేమయ్ అనే చిన్న ద్వీపం ఉన్నది. అక్కడివారు చేపలవేటతో జీవిస్తారు. 1973 జనవరి 23న అర్ధరాత్రి దాటాక, ఊరి పక్కనే నేల పగిలి నిప్పులు చిమ్మింది. ముందురోజు తుఫాను మూలంగా పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. అదే వారి అదృష్టం! ఊళ్ళో ఉన్న 5,000 పైచిలుకు జనంలో దాదాపు అందరూ కొద్ది గంటలలో పడవలెక్కి బయటపడ్డారు.

కాని లావా రేవు ముఖద్వారం కేసి పాకసాగింది. రేవు మూసుకుపోతే ఊరికి బతుకు లేదు. అప్పుడు కొందరు అక్కడే నిలిచి, పంపులతో సముద్రపు నీటిని లావాపై పోయసాగారు. నీరు తగిలిన చోట లావా గడ్డకట్టి గోడ అయింది. వెనక వచ్చే లావాకు ఆ గోడే అడ్డం! నెలల తరబడి ఇలా 60 లక్షల ఘనపు మీటర్ల నీరు పోశారు. జులైలో అగ్నిపర్వతం చల్లారింది. సుమారు 400 ఇళ్ళు పోయాయి గాని, రేవు దక్కింది. పైగా గడ్డకట్టిన లావా అలలకు అడ్డు నిలిచి, రేవును మునుపటికన్న భద్రం చేసింది.

తిరిగివచ్చినవారు లోపల ఇంకా చల్లారని లావాతో నీరు కాచి, కొన్నేళ్ళు ఇళ్ళు వెచ్చబరుచుకున్నారు. నేడు ఐస్‌లాండులో నూటికి సుమారు 90 ఇళ్ళకు వెచ్చదనం ఇచ్చేది భూగర్భపు వేడే.

హేమయ్ కొండచరియలలో పఫిన్ అనే రంగుల ముక్కు పక్షులు గూళ్ళు కడతాయి. వేసవి చివర పిల్లపక్షులు సముద్రానికి పోబోయి, ఊరి దీపాలు చూసి భ్రమపడి వీధుల్లో వాలుతాయి. అప్పుడు బడిపిల్లలు రాత్రివేళ అట్టపెట్టెలు పట్టుకుని వీధుల వెంట తిరిగి, వాటిని ఏరి తెస్తారు. మర్నాడు సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి వదిలిపెడతారు.