గనులు మూతపడినా... గొంతులు మూగబోలేదు!

బ్రిటన్‌లోని వేల్స్‌కు 'పాటల సీమ' అని పేరు. రాజధాని కార్డిఫ్‌లో రైలెక్కితే గంటలోపే రోండా లోయలోని ట్రెయోర్కీకి చేరుకోవచ్చు. రెండువైపులా పచ్చని కొండలు, వాటి వాలున ఒకదాన్నొకటి ఆనుకుని బారులుతీరిన చిన్న చిన్న ఇళ్లు. ఒకప్పుడు గని కార్మికులు కాపురమున్నవే అవన్నీ. 1913లో ఒక్క కార్డిఫ్ రేవు నుంచే కోటి టన్నులకు పైగా బొగ్గు ఓడలకెక్కింది. పగలంతా గనిలో చాకిరీ, పొద్దుగూకాక పదిమందీ కలిసి పాట... అదే వాళ్ల జీవితం. ట్రెయోర్కీలో 1883లో పురుషుల గాన బృందం పుట్టింది కూడా అలాగే. రోండాలో చిట్టచివరి గని 1990లో మూతపడింది. పాట మాత్రం ఆగలేదు.

ఆ పాటకే కార్డిఫ్‌లో మరో పని దొరికింది. ఆస్పత్రిలో ఉన్న మిత్రుణ్ని పరామర్శించడానికి వెళ్లిన పదిమంది వ్యాపారులు 1943లో 'టెనోవస్' అనే సేవాసంస్థను పెట్టారు. 'మేం పదిమందిమి' అన్న ఇంగ్లిషు మాటే ఆ పేరుకు మూలం. మంచాన పడ్డవాళ్లు వినేందుకు రేడియో హెడ్‌ఫోన్లు పెట్టించడం వాళ్లు మొదట్లో చేసిన సాయాల్లో ఒకటి. తర్వాత క్యాన్సర్‌పైనే దృష్టిపెట్టిన ఆ సంస్థ 2010లో గాన బృందాలను మొదలుపెట్టింది. స్వరజ్ఞానం అక్కర్లేదు, పరీక్షల్లేవు. రోగులతోపాటు వాళ్లకు సేవచేసేవాళ్లూ, అయినవాళ్లను ఆ జబ్బుకు పోగొట్టుకున్నవాళ్లూ ఒకే వరసలో నిలబడి గొంతు కలిపారు.

ఇంతకీ గంటసేపు పాడితే ఏమవుతుంది? అయిదు బృందాల్లోని 193 మందిని పరిశోధకులు పాటకు ముందూ తర్వాతా పరీక్షించారు. లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన సైటోకైన్లు పెరిగాయి. ఎక్కువ దిగులుతో ఉన్నవాళ్ల మనసే ఎక్కువ తేలికపడింది. ఈ ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

అలాగని పాట కణితిని కరిగిస్తుందనుకుంటే పొరపాటే. పాడనివాళ్లతో పోల్చి చూసిన అధ్యయనం కాదది. పైగా ఆ మార్పులు ఆ గంటకు సంబంధించినవే. సంగీత చికిత్స మీద 81 ప్రయోగాలను, అందులో పాల్గొన్న 5,576 మంది వివరాలను 2021లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. పెద్దవాళ్లలో ఆందోళన, నొప్పి, నీరసం తగ్గడానికి సంగీతం తోడ్పడవచ్చని తేల్చింది. మందులకు తోడే తప్ప మందులకు బదులు కాదు.

అయినా అది చిన్న సాయమేం కాదు. జబ్బు మనిషిని ఒంటరిని చేస్తుంది. ఇంట్లోవాళ్లు రోగి ముందు ఏడవలేరు, రోగి వాళ్ల ముందు భయపడలేడు. పక్కపక్కన నిలబడి పాడుతున్నప్పుడు ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పక్కర్లేదు... శ్రుతి కలిస్తే చాలు. చీకటి గనుల్లో బతికినవాళ్లకు ఆ సంగతి ఏనాడో తెలుసు!